బందుల వైపు నుంచి

ముందు గది నుంచి

వదినగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. మీ జ్వరం తగ్గిందని తలుస్తాను. మీ చెల్లెలు పోయిన రోజు మీకోసం సాయంత్రం దాకా ఆగాము. ఆ తర్వాత ఆగడానికి వీల్లేకపోయింది. ఇది నిష్ఠూరం కాదు. జరిగింది రాస్తున్నాను.

ఇంట్లో నేనొక్కణ్నే. పక్కింటివాళ్లు కొన్నాళ్లు క్యారియర్ పంపారు. ఇక వద్దని చెప్పాను. వాళ్లు మంచివాళ్లే. గిన్నెలు తిరిగి ఇచ్చేటప్పుడు ఏదో ఒకటి మాట్లాడాల్సి వస్తోంది.

ఆఫీసుకు వెళ్తున్నాను. లిఫ్టుల తనిఖీ మామూలుగానే ఉంది. ఎన్ని అంతస్తుల భవనమైనా లిఫ్టు ఎంత బరువు మోస్తుందో లెక్కగట్టగలను. గుప్పెడు బియ్యానికి ఎన్ని నీళ్లో తెలియదు. కరెంటు పొయ్యి ఒకటి కొని ముందు గదిలో పెట్టాను. అన్నం ఎలా వండాలో రాయగలరా? కొలతలతో రాస్తే మేలు.

ఫోన్‌లో అడగవచ్చు. ఫోన్‌లో మాట్లాడటం నా వల్ల కావడం లేదు.

అన్నగారికి నమస్కారాలు చెప్పండి.

మీ మరిది

*

వంటింటి కిటికీ దగ్గర నుంచి

మరిదిగారికి ఆశీస్సులు.

ఇంత తక్కువ మాటలతో ఇంత పెద్ద కాగితం వృథా చేసేవాళ్లని మిమ్మల్నే చూశాను. కవరు తేలిగ్గా ఉంటే ఖాళీదేమో అనుకుందట మా కింద వాటాలో ఉండే కుట్టుమిషన్ ఆవిడ. ఇకమీదట ఉత్తరాలు ఆవిడ చిరునామాకే రాయండి. మా ఉత్తరాల పెట్టె మీద పైపు కారుతుంది, కాగితాలు తడిసి ముద్దవుతాయి.

అన్నం సంగతి. కొలతలు కావాలన్నారు. కొలత మీ చేతిలోనే ఉంది. బియ్యం కడిగి గిన్నెలో సమంగా పరచండి. చూపుడువేలి కొస బియ్యాన్ని తాకేలా పెట్టి, వేలి మీద మొదటి గీత దాకా నీళ్లు పోయండి. పొంగు వచ్చాక వేడి తగ్గించి మూత పెట్టండి. ఇక మూత తీయకండి. మీది తనిఖీ చేసే చెయ్యి, ఊరుకోదు. అయినా తీయకండి. ఆవిరి పోతే అన్నం అలుగుతుంది.

ఊరికే నేర్పుతానని అనుకోకండి. నాకూ మీరు నేర్పాలి. ఇంట్లో పనులు నాకు నిద్రలో కూడా వస్తాయి. గుమ్మం దాటాక చేసేవి ఒక్కటీ రాదు. మీ అన్నగారే అన్నీ చూసుకుంటారు. ఈ వయసులో టికెట్ కొనుక్కోవడం రాదంటే ఎవరైనా నవ్వుతారు. మీరు నవ్వరు. ఆ పని మీకు ముందునుంచీ రాదు.

మొదటి ప్రశ్న. ఒంటరి ఆడమనిషి మా ఇంటి నుంచి మీ ఇంటికి రావాలంటే ఏమేం చేయాలి? గుమ్మం దగ్గర మొదలుపెట్టి రాయండి. నా చెల్లెలు చిట్టి ఇంటికి నేను రావాలి. ఆ రోజు రాలేకపోవడం గొంతులో ముల్లులా అలాగే ఉంది. వచ్చేదాకా అది దిగదు.

వదిన

*

ముందు గది నుంచి

వదినగారికి నమస్కారాలు.

అన్నం. అడుగు మాడింది. పైన పలుకు. మధ్యలో తినదగ్గది. కారణం: మూత తీసి చూశాను.

మీ ప్రశ్నకు జవాబు.

ఇంటికి తాళం వేసి, తాళంచెవి సంచి లోపలి అరలో పెట్టుకోండి. వీధి చివర పెద్ద రోడ్డు మీదికి వచ్చి, ఎటువైపు బస్సులు ఎక్కువ నిండుగా వెళ్తున్నాయో చూడండి. పొద్దున పూట అది ఊరి మధ్యకు వెళ్లే దారి. సందేహం ఉంటే డ్రైవరును అడగండి, పక్కనున్న ప్రయాణికుణ్ని కాదు. ప్రయాణికుడు తెలియకపోయినా చెబుతాడు.

బస్ స్టేషన్‌లో కౌంటర్ ఉంటుంది. వరసలో నిలబడండి. మీ వంతు వచ్చినప్పుడు ఊరి పేరు, ఎంతమంది, ఎప్పుడు. అంతే చెప్పండి. ఎందుకు వెళ్తున్నారో చెప్పకండి. టికెట్లిచ్చే ఆయనకు అక్కర్లేదు. టికెట్ చేతికి రాగానే పక్కకు జరగకండి. ఊరు, తేదీ సరిచూసుకుని జరగండి. వెనకవాళ్లు విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి.

ఎక్కేముందు బోర్డు చదవండి. చదివాక కండక్టరును కూడా అడగండి. రెండూ ఒకటే చెబితే ఎక్కండి.

చొక్కాలు ఉతికితే తెల్లవి నీలంగా మారాయి. ఎందుకు?

మీ మరిది

*

వంటింటి కిటికీ దగ్గర నుంచి

మరిదిగారికి ఆశీస్సులు.

తెల్లవాటితో కలిపి కొత్త నీలం ప్యాంటేదో వేసి ఉంటారు. దానికి తెలుపూ నలుపూ తేడా తెలియదు, మీకు తెలియాలి. కొత్త రంగుబట్ట విడిగా చల్లనీళ్లలో జాడించండి. నీళ్లలో రంగు దిగడం ఆగేదాకా దాన్ని ఎవరితోనూ కలవనివ్వకండి. చొక్కా మెడపట్టీకి ముందు సబ్బు రాసి కాసేపు వదిలేయండి. మిషన్‌లో వేసేముందు జేబులు చూడండి. మీరు జేబుల్లో ఎన్ని కాగితాలు మరిచిపోయేవారో చిట్టి నాకు చెప్పి నవ్వేది.

మీ పాఠం బాగుంది. కౌంటర్ దగ్గర ఎందుకు వెళ్తున్నానో చెప్పకుండా ఉండటమే కష్టం. అద్దం ముందు నిలబడి ఊరి పేరు, ఒక్కరు, రేపు అని అనుకుంటున్నాను. అద్దంలో ఆవిడ ఎందుకమ్మా అని అడుగుతోంది.

మొదటి మాట దగ్గర మాత్రం ఆగిపోయాను. ఇంటికి తాళం వేయడం. దాన్ని ప్రస్తుతానికి వదిలేసి రెండో మాట నుంచి చదువుకుంటున్నాను.

ఈ వారం ఉత్తరం ఆలస్యమైంది. బాల్కనీలోంచి నేను తాడుకు కట్టి దించే బుట్ట గాలికి కింది అంతస్తు ఊచల్లో చిక్కుకుంది. కుట్టుమిషన్ ఆవిడ కర్రతో పొడిచి పొడిచి విడిపించేదాకా కూరగాయలూ లేవు, పోస్టూ లేదు. ఆవిడ కింద నుంచి తిట్లు, నేను పైనుంచి సలహాలు. వీధంతా మా నాటకమే చూసింది.

ఇప్పుడు చెప్పండి, సొంత పేరుతో బ్యాంకులో ఖాతా తెరవాలంటే మనిషి స్వయంగా వెళ్లాల్సిందేనా?

వదిన

*

ఆఫీసు నుంచి

వదినగారికి నమస్కారాలు.

స్వయంగా వెళ్లాల్సిందే. ఫోటో, గుర్తింపు కార్డు, సంతకం కావాలి.

ఇంకొక విషయం. ప్రమాదం జరిగిన చోటికి వెళ్లి, ఉన్న వస్తువులు చూసి జరిగింది చెప్పడం నా ఉద్యోగం. మీ ఉత్తరాలు అలా చదవకూడదు. చదివాను.

తాడు చిక్కుకుంటే మెట్లు దిగి కూరగాయలు తెచ్చుకోవచ్చు. మీరు దిగలేదు. ఉత్తరాలు మీ ఇంటికి రాకూడదు. ఇంటికి తాళం వేయడం అనే మాట దగ్గర ఆగారు. మీ మోకాళ్లు బాగానే ఉన్నాయని మీ చెల్లెలు ఎప్పుడూ చెప్పేది.

మీ తలుపుకు పగలు బయటినుంచి తాళం ఉంటుందా?

లేదంటే క్షమించండి. ఉంటే అవునని ఒక్క మాట రాయండి చాలు.

మీ మరిది

*

వంటింటి కిటికీ దగ్గర నుంచి

మరిదిగారికి.

అవును.

ఒక్క మాట చాలన్నారు. నాకు చాలదు.

పై అంతస్తులో ఎవరింట్లోనో దొంగతనం జరిగింది. అప్పుడు మొదలైంది. మీ అన్నగారు గోడౌన్ మేనేజరు. అక్కడ రోజూ సాయంత్రం తలుపులన్నీ తాళాలు వేసి, లాగి చూసి, గుత్తి నడుముకు తగిలించుకుని వస్తారు. అదే గుత్తిలో ఇంకో తాళంచెవి చేరింది. పొద్దున వెళ్తూ గొళ్లెం పెట్టి తాళంకప్ప వేసి, రెండుసార్లు లాగి చూస్తారు. ఆ చప్పుడు విని నేను స్టవ్ దగ్గరికి వెళ్తాను. మొదట్లో నాకూ ధైర్యంగానే ఉండేది. దొంగ రాడు కదా అనుకునేదాన్ని. దొంగల మాట అందరూ మరిచిపోయారు. తాళం మిగిలింది.

ఆయన చెయ్యి చేసుకునే మనిషి కాదు. మందులు, బట్టలు, అడిగినవన్నీ తెస్తారు. నేనూ వస్తాను అంటే, బయట నీకేం పని, ఏం కావాలో చెప్పు అంటారు. సరుకు పాడవకుండా చూసుకునే మనిషి. నేను పాడవలేదు.

చిట్టి పోయిన రోజు మీ పక్కింటివాళ్లు మధ్యాహ్నం ఫోన్ చేశారు. గోడౌన్‌కు చేశాను. ఆఫీసు గదిలో మోగుతూనే ఉంది, ఆయన యార్డులో ఉన్నారట. తలుపు లాగాను. అరిచాను. పగటిపూట మా మెట్ల మీద ఎవరూ ఉండరు. కుట్టుమిషన్ ఆవిడ గుడ్డలు కొనడానికి వెళ్లింది. మీ అన్నగారు చీకటి పడ్డాక వచ్చారు. విని కూర్చుండిపోయారు. ఇప్పుడు బయల్దేరినా అందుకోలేం అన్నారు. ఆయన కూడా ఆ పూట తినలేదు. మర్నాడు పొద్దున తాళం వేసుకుని వెళ్లారు.

జ్వరం లేదు. అలా రాయమన్నది కూడా ఆయన కాదు, నేనే రాశాను. తాళం వేసి ఉంది అని రాయడానికి సిగ్గేసింది.

ఇంకొకటి కూడా ఇప్పుడే చెప్పేస్తాను. అక్కను చూసి వస్తానని చిట్టి మీ దగ్గర చెప్పి బస్సెక్కేది కదా. వచ్చి మా తలుపు బయట మెట్టు మీద కూర్చునేది. నేను ఇటు పీట వేసుకునేదాన్ని. తలుపు కింద సందులోంచి కబుర్లు. ఒకసారి బత్తాయి తొనలు ఒక్కొక్కటే తోసింది, దుమ్ము ఊదుకుని తిన్నాను. మీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాను. చెబితే మీరు రూల్సు పుస్తకం చంకన పెట్టుకుని వచ్చేస్తారని ఇద్దరికీ తెలుసు.

వదిన

*

ఆఫీసు నుంచి

వదినగారికి.

ఆదివారం వస్తాను. తాళాలు తీసే మనిషిని వెంట తెస్తాను. అవసరమైతే పోలీసులను కూడా.

లిఫ్టు మధ్యలో ఆగినప్పుడు లోపలివాళ్లకు మేము చెప్పేది ఒకటే. తలుపు లాగకండి. గంట నొక్కి ఆగండి. తాళంచెవి ఉన్నవాళ్లు బయటినుంచి వస్తారు.

మీ ఇంట్లో మంటలు లేస్తే మీకు దారి లేదు.

మీ మరిది

*

తలుపు దగ్గర పీట మీద నుంచి

మరిదిగారికి ఆశీస్సులు.

రాకండి.

గంట నొక్కుతూనే ఉన్నాను. అది వినపడింది చిట్టి ఒక్కదానికే. ఇప్పుడు మీకు వినపడింది. సంతోషం. కానీ మీరొచ్చి తాళం పగలగొడితే మీ అన్నగారు ఇంకో తాళం కొంటారు. నేను మీ వెంట వస్తే వదినను మరిది తీసుకుపోయాడు అంటారు, మళ్లీ నేను ఎవరో ఎత్తుకెళ్లే మూటనే. పోలీసులొస్తే ఆయన తలదించుకుంటారు, నేను వాళ్ల ముందు నోరు తెరవలేను. నాకు ఇంకా కౌంటర్ దగ్గర మూడు మాటలే రావు.

మీరు అన్నం అడిగినప్పుడు నేను క్యారియర్ పంపించానా? నేర్పాను. మీరూ నేర్పండి. తలుపు తీయడం నేర్పండి.

మీ తనిఖీకి కావలసినవి రాస్తున్నాను. తలుపు లోపలికి తెరుచుకుంటుంది. చెక్కది, పాతది. గొళ్లెం, తాళంకప్ప బయట కుడివైపు. ఎడమవైపు తలుపును గుమ్మానికి పట్టి ఉంచే ఇనప బందులు మూడు ఉన్నాయి. అవి లోపలివైపే కనబడతాయి. ఒక్కో బందు మధ్యలో నిలువుగా చీలలాంటిది ఉంది, పైన చిన్న టోపీ. రంగు కారి గట్టిపడింది. ఇన్నాళ్లూ రోజూ తుడిచాను, ఏమిటో అని ఎప్పుడూ అనుకోలేదు.

నా దగ్గర పీట, కత్తిపీట, ఇస్త్రీపెట్టె ఉన్నాయి. బుట్ట కూడా ఉంది.

వదిన

*

ముందు గది నుంచి

వదినగారికి నమస్కారాలు.

ఆదివారం రాను.

మీరు తలుపును తాళం వైపు నుంచి చూస్తున్నారు. అందరూ అలాగే చూస్తారు. వేసినవాళ్లు కూడా. బందుల వైపు నుంచి చూడండి. చీలలు లోపల ఉన్నాయంటే ఆ తలుపు మీ చేతిలో ఉన్నట్టే.

కుట్టుమిషన్ ఆవిడ దగ్గర మిషన్ నూనె, చిన్న స్క్రూడ్రైవరు ఉంటాయి. బుట్టలో వేయమనండి. చీల టోపీ చుట్టూ రంగును కత్తి మొనతో గీకండి. నూనె చుక్కలుగా వేసి ఒక పగలంతా వదిలేయండి. మర్నాడు తలుపు కింద సందులో మడత పెట్టిన గుడ్డ కూరండి, బరువు దాని మీద ఆనాలి. స్క్రూడ్రైవరు మొన టోపీ కింద పెట్టి, పిడిని ఇస్త్రీపెట్టె మడమతో కింది నుంచి పైకి కొట్టండి. గట్టిగా కాదు. మాటిమాటికీ. ముందు కింది బందు, తర్వాత మధ్యది. పైది చివర. పైది తీసేటప్పుడు భుజం తలుపుకు ఆనించి ఉంచండి.

మూడూ వచ్చాక బందుల వైపు అంచు పట్టుకుని మీ వైపు లాగండి. తాళం ఉన్న వైపు గొళ్లెం మీదే తిరుగుతుంది. పక్కకు తిరిగి దూరేంత సందు వస్తుంది.

ఒకటి మరవకండి. చీలలు లేనప్పుడు ఆ తలుపును నిలబెట్టేది తాళం ఒక్కటే. ఎవరైనా తాళం తీస్తే తలుపు పడిపోతుంది. తిరిగి వచ్చాక చీలలు పెట్టేదాకా తాళం తీయనివ్వకండి.

కాలి మీద పడితే ఎముక విరుగుతుంది. చెప్పులు వేసుకుని చేయండి.

మీ మరిది

*

తలుపు దగ్గర పీట మీద నుంచి

మరిదిగారికి ఆశీస్సులు.

వచ్చింది.

కింది చీల మొండిది. దాన్ని కొట్టీ కొట్టీ చెయ్యి వాచింది. మూడోది మాత్రం వచ్చి నా చేతిలో పడింది, వెచ్చగా, నూనె కారుతూ. తలుపు తప్పు వైపు నుంచి తెరుచుకోవడం చూస్తే, ఎప్పుడూ కుడిచేత్తో రాసే మనిషి ఎడమచేత్తో సంతకం పెట్టినట్టు ఉంది. పక్కకు తిరిగి, పొట్ట లోపలికి పీల్చి దూరాను. ఇంకో బొత్తాం లావుంటే అక్కడే ఉండిపోయేదాన్ని.

మెట్ల మీద నిలబడ్డాను. ఏం చేయాలో తోచలేదు. మీరు పెద్ద రోడ్డు దాకా రాశారు గానీ మెట్ల మీద ఏం చేయాలో రాయలేదు. చిట్టి కూర్చునే మెట్టు మీద కూర్చున్నాను. అక్కడినుంచి మా తలుపు చూశాను. బయటి నుంచి చూడటం అదే మొదలు అన్నట్టు చూశాను. తాళం చాలా చిన్నది. లోపల చప్పుడు వింటూ చాలా పెద్దది అనుకునేదాన్ని.

ఆ రోజుకు అక్కడితో చాలనుకున్నాను. లోపలికొచ్చి చీలలు పెట్టేశాను. సాయంత్రం మీ అన్నగారు తాళం తీసి, తలుపు తోసుకుని వచ్చి, నూనె వాసనేంటి అన్నారు. కుట్టుమిషన్ ఆవిడ గుడ్డలు అన్నాను. ఆమాటకొస్తే తలుపు ఈమధ్య కిర్రుమనడం లేదు అన్నారు. సంతోషించారు.

ఆ తర్వాత రోజూ వెళ్తున్నాను. ఒకరోజు వీధి చివరదాకా. ఒకరోజు రోడ్డు దాటాను, దాటి మళ్లీ దాటాను, అటు పనేమీ లేదు కనుక. బ్యాంకుకు వెళ్లాను. ఖాతా తెరవాలి అని ఒక్క మాట అని నోరు మూసుకున్నాను. కౌంటర్‌లో అమ్మాయి ఎందుకు అని అడగలేదు. కొంచెం చిన్నబుచ్చుకున్నాను కూడా. కుట్టుమిషన్ ఆవిడ దగ్గర కాజాలు కుడుతున్నాను. చీకటి పడకముందే వచ్చి నన్ను నేనే లోపల పెట్టుకుంటాను. మీరు నవ్వుతారేమో. బయటికి రావడం వచ్చింది, బయట ఉండటం ఇంకా రావడం లేదు. మీ ఊరి టికెట్ కొనడానికి రెండుసార్లు బస్ స్టేషన్ దాకా వెళ్లి తిరిగొచ్చాను. సాయంత్రానికి తిరిగి రాలేను కదా, తలుపు ఏం చేయాలి అన్న చోట ఆగిపోతున్నాను.

ఇప్పుడు నా వంతు. మీరు నన్ను అడిగారు, నేనూ అడుగుతాను. మీకు వంటగది ఉంది. చిట్టి కిటికీ ఎటు ఉండాలో పోట్లాడి కట్టించుకున్న వంటగది. మీ పొయ్యి ముందు గదిలో ఎందుకుంది?

వదిన

*

ముందు గది నుంచి

వదినగారికి నమస్కారాలు.

నవ్వలేదు.

మీ ప్రశ్నకు జవాబు రాయడానికి ఈ వారమంతా పట్టింది.

ఆ పొద్దున ఆమె పాలు పొయ్యి మీద పెట్టింది. నేను ఆఫీసులో ఉన్నాను. మాడు వాసన వచ్చి పక్కింటివాళ్లు చూసేసరికి ఆమె పొయ్యి ముందు పడి ఉంది. పొయ్యి ఆపింది వాళ్లు. నేను వచ్చేసరికి ఆమెను హాల్లో పడుకోబెట్టారు. అందరూ వెళ్లాక వంటగదిలోకి వెళ్లాను. పాలగిన్నె పొయ్యి మీదే ఉంది. ఏం చేయాలో తెలియక మూత పెట్టాను. బయటికి వచ్చి గడియ వేశాను.

అప్పటినుంచి తీయలేదు. నీళ్లు స్నానాలగదిలో పట్టుకుంటాను. గిన్నెలు అక్కడే కడుగుతాను. కూర తరిగేది రాతబల్ల మీద. ఇల్లు మొత్తం నాదే. ముందు గదిలో ఉంటాను. కాలు జాపితే పొయ్యి తగులుతుంది. మంచం మీద కూర్చుని చెయ్యి చాపితే బియ్యం డబ్బా.

మీ తలుపుకు చీలలు వెతికి చెప్పాను. నా తలుపుకు గడియ నా వైపే ఉంది. అయినా తీయలేకపోతున్నాను. దీనికి నా దగ్గర కారణం లేదు.

టికెట్ కొనండి. తలుపు ఎలా ఉండాలో ఆ సాయంత్రం తేలుతుంది.

మీ మరిది

*

కుట్టుమిషన్ గది నుంచి

మరిదిగారికి ఆశీస్సులు.

టికెట్ కొనకముందే తేలింది.

కాజాలకు దారం అయిపోతే బజారుకు వెళ్లాను. వచ్చేసరికి మా మెట్ల మీద మీ అన్నగారు. గోడౌన్‌లో కరెంటు పోయి త్వరగా మూశారట. తలుపు ముందు నిలబడి ఉన్నారు. బందుల వైపు తలుపు లోపలికి వాలి ఉంది, నేను దూరిన సందు అలాగే ఉంది. అందులోంచి మా హాలు, నా పీట, పీట మీద వరసగా పెట్టిన మూడు చీలలు కనబడుతున్నాయి. ఇటువైపు తాళంకప్ప చెక్కుచెదరకుండా వేలాడుతోంది.

ఆయన చేతిలో గుత్తి ఉంది. తాళంచెవి వెతుకుతున్నారు.

తీయకండి, పడుతుంది అన్నాను.

తల తిప్పారు. నన్ను చూశారు. చెప్పులు చూశారు, చేతిలో దారం సంచి చూశారు. నా మాట వినపడింది. అయినా తాళమే తీశారు. పక్కన మనిషి దూరేంత దారి ఉంది మరిదిగారూ. ఆయనకు అది దారిలా కనబడలేదు.

తలుపు మొత్తం లోపలికి పడింది. మూడంతస్తులూ అదిరాయి. కింద కుట్టుమిషన్ ఆగింది. ఆయన తాళంకప్ప చేత్తో పట్టుకుని గుమ్మం ముందు నిలబడిపోయారు.

నువ్వు బయటికి ఎలా వచ్చావు అన్నారు.

"తలుపు తీసుకుని."

"తాళం నా దగ్గరే ఉంది కదా."

"ఉంది. మీ దగ్గరే ఉండనివ్వండి."

ఎప్పటినుంచి అన్నారు. కిర్రుమనడం మానేసినప్పటినుంచి అన్నాను. ఆయన ముఖం చూస్తే కోపం కాదు. లెక్కలో ఒక మూట తేలకపోతే గోడౌన్‌లో అలాగే ఉంటారేమో.

తలుపును అలా వదిలేసి రాలేకపోయాను. మీరు అటు ఎత్తండి అన్నాను. ఎత్తారు. పైది ముందు పెట్టాలి, భుజం ఆనించండి అని చెప్పాను. ఆనించారు. ఇద్దరం కలిసి ఒక పని చేసి ఎన్నాళ్లయిందో. చీలలు పెట్టాక తలుపు మామూలుగా ఊగింది. అప్పుడు నా సంచి సర్దుకున్నాను. గుమ్మం దాకా వచ్చి, భోజనం అన్నారు. అన్నం గిన్నెలో ఉంది, రేపటికి మీరే వండుకోవాలి, వండటం రాకపోతే ఉత్తరం రాయండి, కింద వాటాకే, నేర్పుతాను అన్నాను. వెటకారం కాదు. నిజంగానే నేర్పుతాను.

ఇప్పుడు కుట్టుమిషన్ ఆవిడ వెనకగదిలో ఉన్నాను. కిటికీ లేదు, తలుపుకు గడియ లోపలే ఉంది. పొద్దున ఆయన మెట్లు దిగి వెళ్లే చప్పుడు వినబడింది. మా గది ముందు ఆగారు. తాళం లాగి చూసే చప్పుడు కోసం చెవులు రిక్కించాను, అలవాటు అలాంటిది. వెళ్లిపోయారు. పైన బాల్కనీలో బుట్ట అలాగే వేలాడుతోంది.

వదిన

*

వంటగది గుమ్మం నుంచి

వదినగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం నిలబడి చదివాను. చదివి గడియ తీశాను. తుప్పు పట్టింది. మిషన్ నూనె లేదు, వంటనూనె వేశాను.

లోపలికి వెళ్లలేదు. కుర్చీ గుమ్మంలో వేసుకుని ఇది రాస్తున్నాను. కిటికీ మీద దుమ్ము. ఆమె చేతిగుడ్డ గూటికి వేలాడుతోంది. గిన్నె ఇక్కడికి కనబడుతోంది. మూత మీద కూడా దుమ్ము.

ప్రశ్న. ఇన్ని నెలలు మూత పెట్టి ఉన్న పాలగిన్నెను ఎలా కడగాలి?

కొలతలు అవసరం లేదు.

మీ మరిది

*

బస్ స్టేషన్, కౌంటర్ ఎదుటి బెంచీ నుంచి

మరిదిగారికి ఆశీస్సులు.

ఊరి పేరు, ఒక్కరు, ఈరోజు. అంతే చెప్పాను. టికెట్ ఇచ్చాడు. పక్కకు జరగకుండా ఊరు, తేదీ చూసుకున్నాను. వెనకాయన విసుక్కున్నాడు. విసుక్కోనిచ్చాను.

ఈ ఉత్తరం కంటే నేనే ముందు వస్తానేమో. అయినా ఇక్కడి ఎర్రడబ్బాలో వేస్తున్నాను. ఇంతకాలం నా ఉత్తరాలన్నీ కుట్టుమిషన్ ఆవిడ చేత్తోనే డబ్బాలో పడ్డాయి. ఇదొక్కటి నా చేత్తో పడాలి.

గిన్నె సంగతి. ముందు కిటికీ తెరవండి. లోపలిది అట్టకట్టి ఉంటుంది, గీకకండి, గిన్నె గాయపడుతుంది. వేడినీళ్లు పోసి, గుప్పెడు సోడా ఉప్పు వేసి, నాననివ్వండి. ఒకపూటకు వదలకపోతే నీళ్లు మార్చి మళ్లీ నానబెట్టండి. వదిలేదాకా ఆగండి. ముక్కుకు గుడ్డ కట్టుకోండి, గూటికి వేలాడేది కాదు, ఇంకోటి.

నేను వచ్చి కడగను. ముందే చెబుతున్నాను, తర్వాత మొహమాటపెట్టకండి. ఆ గుమ్మంలో మీ కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేయండి, కూర్చుంటాను. ఎంతసేపైనా కూర్చుంటాను, నాకు తలుపుల దగ్గర కూర్చోవడం అలవాటే.

అన్నం ఉడికేటప్పుడు మూత తీయొద్దంటే తీశారు. ఇది మాత్రం మీరే తీయాలి.

బోర్డు చదివాను. కండక్టరును కూడా అడిగాను. రెండూ ఒకటే చెప్పాయి.

వదిన